నల్ల ఖనిజంలో లోహం ఎక్కడిది? సముద్రపు నీరు రాళ్ళలోంచి కడిగి తెచ్చిందా, మాగ్మా ఇచ్చిందా?

కొండపిండి:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జియాలజీలో భాగంగా ఒక సెమిస్టర్ ఉత్తర జపాన్‌లోని అకితాలో ఉండి ఈమధ్యే వచ్చాను. అక్కడ ల్యాబ్‌లో మొదటి వారమే ఒక నల్లటి రాయి చేతిలో పెట్టారు. చూడటానికి బొగ్గు పెళ్ళలా ఉంది, అంతే తేలిగ్గా ఉంటుందనుకుని పట్టుకుంటే చెయ్యి ఒక్కసారి కిందికి జారింది. కిటికీ వైపు తిప్పితే అక్కడక్కడా గెలీనా (సీసపు ఖనిజం) మెరుస్తోంది, అడుగున సన్నటి పసుపు గీత, అది చాల్కోపైరైట్, రాగి ఖనిజం. ఇదే కురోకో. జపనీస్‌లో కురో అంటే నలుపు, కో అంటే ఖనిజం.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. అకితా ప్రాంతంలో హొకురోకు అనే చోట, కొసాకా, హనావోకా ఊళ్ళ చుట్టూ, దాదాపు కోటిన్నర ఏళ్ళ కిందటి సముద్రగర్భ అగ్నిపర్వత రాళ్ళలో ఈ నిక్షేపాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అన్నిటికంటే పైన ఇనుము కలిసిన ఎర్ర చెర్ట్, అంటే గట్టి సిలికా రాయి, ఉంటుంది. దాని కింద బెరైట్, అంటే మన ముగ్గురాయి. దాని కింద జింకు, సీసం నిండిన నల్ల ఖనిజం. ఇంకా కిందికి వెళ్తే రాగి ఎక్కువగా ఉన్న పసుపు ఖనిజం, దాన్ని ఓకో అంటారు. అన్నిటికీ అడుగున రాతి పగుళ్ళలో అల్లుకున్న సిలికా ఖనిజం, ఆ పక్కనే తెల్లటి రైయొలైట్ (సిలికా ఎక్కువగా ఉన్న అగ్నిపర్వత రాయి) గుమ్మటం. ఒక పక్కగా జిప్సం దిబ్బ కూడా ఉంటుంది. గనులన్నీ 1990ల మధ్యకల్లా మూతపడ్డాయి, కొసాకా స్మెల్టర్‌లో ఇప్పుడు పాత ఫోన్లు, కంప్యూటర్ బోర్డుల్లోంచి లోహాలు తీస్తున్నారు.

నా ప్రశ్న ఇదీ. మా సెమినార్‌లో ఇద్దరు పెద్దవాళ్ళు గంటసేపు వాదించుకున్నారు. ఒకరేమో సముద్రపు నీరే వేడెక్కి రాళ్ళలోని రాగి, జింకు కరిగించి పైకి తెచ్చిందన్నారు. ఇంకొకరు, నీరు కేవలం బండి, సరుకు మాగ్మాదే అన్నారు. రెండూ విన్నాక నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. మీరేమంటారు?

నీలిలోతు:
సముద్రపు నీరే. ఇందులో అంత తర్జనభర్జన పడాల్సింది ఉందనుకోను.

ఎలా జరుగుతుందో చెబుతా. సముద్రం అడుగున పగుళ్ళలోకి నీరు దిగుతుంది. దిగేకొద్దీ వేడెక్కుతుంది. 150 డిగ్రీలు దాటేసరికి అందులోని సల్ఫేట్ కాల్షియంతో కలిసి అన్‌హైడ్రైట్‌గా గడ్డకడుతుంది, ఎందుకంటే మామూలు ఉప్పులా కాకుండా అన్‌హైడ్రైట్ వేడి పెరిగేకొద్దీ కరగడం మానేస్తుంది. మెగ్నీషియం రాతిలోకి పోతుంది, దాంతో నీరు ఆమ్లంగా మారుతుంది. కింద మాగ్మా గది దగ్గరికొచ్చేసరికి 350 నుంచి 400 డిగ్రీలు, క్లోరైడ్ నిండుగా ఉన్న ఆమ్లపు నీరు. రాతిలోంచి రాగి, జింకు, ఇనుము లాగెయ్యడానికి ఇంకేం కావాలి? ఆ నీరు తేలికై పైకి ఎగబాకుతుంది, చల్లటి సముద్రపు నీరు తగలగానే మోసుకొచ్చిన లోహాల్ని సల్ఫైడ్లుగా (గంధకంతో కలిసిన ఖనిజాలుగా) అక్కడ వదులుతుంది.

ఇదేదో కాగితం మీద ఊహించింది కాదు. 1979లో తూర్పు పసిఫిక్ రిడ్జ్ (సముద్రం అడుగున ఉన్న పర్వతశ్రేణి) మీద 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆల్విన్ జలాంతర్గామిలో వెళ్ళినవాళ్ళు నల్లటి పొగ గొట్టాలను కళ్ళారా చూశారు. కురోకో ఖనిజాల్లో చిక్కుకున్న ద్రవపు బొట్లను కొలిస్తే 200 నుంచి 350 డిగ్రీల వేడి తేలింది, ఉప్పదనం సముద్రపు నీటికి దగ్గరగానో కొంచెం ఎక్కువగానో ఉంది. నీటి ఐసోటోపులూ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, నీరు ఎక్కడిదో వాటి పాళ్ళు చెబుతాయి) సముద్రం వైపే ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కోర్‌బాక్స్:
నీలిలోతు గారూ, మీరు చెప్పిన సాక్ష్యమంతా నీటిది. అడిగింది లోహం గురించి. నీరు సముద్రానిదని నేనూ ఒప్పుకుంటా.

నేను కెనడాలో, ఉత్తర ఒంటారియోలో కోర్ లాగింగ్ చేస్తాను, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీలు చూసి వివరాలు రాసే పని. ఇక్కడ టిమ్మిన్స్ దగ్గర కిడ్ క్రీక్ గని ఉంది, దాదాపు 270 కోట్ల ఏళ్ళ కిందటి రైయొలైట్‌లో. 1963 నవంబరులో తవ్విన మొదటి బోరులోనే ఖనిజం తగిలింది. గని కిందికి దాదాపు 3 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. అక్కడ రాగి, జింకు, వెండితోపాటు తగరం కూడా ఉంది. పోర్చుగల్‌లో నెవెస్ కోర్వో, ఇదే జాతి నిక్షేపం, అక్కడా తగరం దండిగా ఉంది. తగరం ఎక్కడినుంచి వస్తుందో జియాలజీ చదివినవాళ్ళందరికీ తెలుసు. గ్రానైట్ లాంటి బాగా పరిణతి చెందిన మాగ్మా చివరి దశలో వదిలే ద్రవంలోంచి. బసాల్ట్‌ను (సముద్రం అడుగున మామూలుగా ఉండే నల్లటి అగ్నిపర్వత రాయిని) ఉప్పునీటితో ఎంతకాలం ఉడకబెట్టినా అంత తగరం రాదు.

రెండోది, 1996లో యాంగ్, స్కాట్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో రాసిన పేపర్. పపువా న్యూగినీ దగ్గర మానస్ బేసిన్‌లో సముద్రగర్భ అగ్నిపర్వత రాళ్ళు తీసుకుని, స్ఫటికాల్లో చిక్కుకున్న శిలాద్రవపు బొట్లను చూశారు. వాటిలోని వాయు బుడగల గోడలకు లోహాలు అంటుకుని ఉన్నాయి. రాయి గడ్డకట్టక ముందే మాగ్మాలోంచి గ్యాసు లోహాన్ని పట్టుకుని బయటపడుతోందని దాని అర్థం. అక్కడే సముద్రం అడుగున ఇప్పుడు సల్ఫైడ్ గొట్టాలు పెరుగుతున్నాయి.

పొయ్యి ఉన్నచోట పొగ రాకుండా ఉంటుందా? నీటిని వేడిచేసేది మాగ్మా అని మీరే అంటారు. ఆ మాగ్మా వేడి మాత్రమే ఇచ్చి, తనలోని నీటిని, క్లోరిన్‌ను, రాగిని దాచుకుందంటే నేను నమ్మను.

తూనికరాయి:
నేను జియాలజిస్ట్‌ను కాదు, కెమికల్ ఇంజినీర్‌ని. లెక్క చూస్తే ఎవరో ఒకరు ఓడిపోతారనిపించి కూర్చున్నాను.

10 లక్షల టన్నుల రాగి ఉన్న నిక్షేపం అనుకుందాం. హొకురోకులో పెద్దవాటిలో ఒకటైన మత్సుమినె దాదాపు ఈ స్థాయిదే. టన్ను రాతిలోంచి 20 గ్రాముల రాగి కడిగామనుకోండి, మామూలు బసాల్ట్‌లో టన్నుకు 50 నుంచి 100 గ్రాములు ఉంటుంది కాబట్టి ఇది పెద్ద ఆశ కాదు. 5 వేల కోట్ల టన్నుల రాయి కావాలి. అంటే పద్దెనిమిదిన్నర ఘనపు కిలోమీటర్లు. పొడవు, వెడల్పు, లోతు తలా రెండున్నర కిలోమీటర్లకు కొంచెం పైన ఉన్న రాతి దిమ్మ. ఒక పెద్ద అగ్నిపర్వతం అడుగున ఇదేమంత ఎక్కువ కాదు.

నీటి లెక్క. టన్ను వేడినీటిలో 5 గ్రాముల రాగి, అందులో సగం మాత్రమే ఖనిజంగా కుదురుకుంటుంది, మిగతాది సముద్రంలో కలిసిపోతుంది అనుకుందాం. 40 వేల కోట్ల టన్నుల నీరు కావాలి. మన భాషలో చెప్పాలంటే 14 వేల టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలు, అంటే 35 సాగర్లు. వినగానే గుండె గుభేలుమంటుంది కానీ, లక్ష ఏళ్ళకు పంచి చూడండి. సెకనుకు 127 లీటర్లు. నాలుగున్నర క్యూసెక్కులు! ఒక చిన్న పంట కాలువ ప్రవాహం. అదే పదివేల ఏళ్ళలో అయిపోవాలంటే 45 క్యూసెక్కులు, అప్పుడు కొంచెం ఇబ్బందే.

కాబట్టి సముద్రపు నీటి వాదం లెక్కకు నిలుస్తోంది.

కోర్‌బాక్స్:
తూనికరాయి బ్రదర్, లెక్క బాగుంది కానీ రాయి తప్పు తీసుకున్నావు. బసాల్ట్ అయితే 20 గ్రాములు సరే. హొకురోకులో ఖనిజం చుట్టూ ఎక్కువగా ఉన్నది డేసైట్ (రైయొలైట్‌కు దగ్గరి రాయి), రైయొలైట్. రైయొలైట్‌లో మొత్తం రాగే టన్నుకు పదీ పరకా గ్రాములు. అందులోంచి 20 ఎలా కడుగుతావు? ఇక ఆ నీళ్ళు పద్దెనిమిది ఘనపు కిలోమీటర్ల రాతిలో ప్రతి గింజనూ తాకాలి కదా. నీళ్ళు పగుళ్ళ వెంట పోతాయి, పగుళ్ళకు మధ్య ఉన్న దిమ్మ అలాగే ఉండిపోతుంది. కోర్‌లో రోజూ చూస్తాను. పగులు పక్కన నాలుగు అంగుళాలు రాయి పూర్తిగా మారిపోయి ఆకుపచ్చ క్లోరైట్ అయి ఉంటుంది, అడుగు అవతల ఫెల్డ్‌స్పార్ (రాతిలోని అసలు ఖనిజం) చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుంది.

అదే లెక్క మాగ్మాకు కూడా వేసి చూపించు.

తూనికరాయి:
వేశాను. నేననుకున్నట్టు రాలేదు.

మాగ్మా వదిలే ద్రవంలో టన్నుకు 1000 గ్రాముల రాగి అనుకున్నాను. 10 లక్షల టన్నులకు 100 కోట్ల టన్నుల ద్రవం చాలు. రైయొలైట్ మాగ్మాలో 4 శాతం నీరు ఉంటే, అంత ద్రవం వదలడానికి 2,500 కోట్ల టన్నుల మాగ్మా కావాలి. సుమారు పది ఘనపు కిలోమీటర్లు. కడగాల్సిన రాయి పద్దెనిమిదిన్నర, చల్లారాల్సిన మాగ్మా పది. రెండూ ఒకే స్థాయి. అంటే లెక్కను బట్టి ఎవర్నీ ఓడించలేం.

ఇంకో సంగతి తట్టింది, అది నన్ను రాత్రంతా పట్టుకుంది. నూరు పాళ్ళలో 99 పాళ్ళు వేడి సముద్రపు నీరు, ఒక పాలు మాగ్మా ద్రవం కలిశాయనుకోండి. సముద్రపు నీటి వాటా రాగి టన్నుకు దాదాపు 5 గ్రాములు. మాగ్మా వాటా 10 గ్రాములు. అంటే మొత్తం రాగిలో మూడింట రెండు వంతులు మాగ్మాదే! కానీ ఆ నీటి ఐసోటోపులు కొలిస్తే 99 శాతం సముద్రం అనే చెబుతాయి. ఉప్పదనం కూడా పెద్దగా మారదు. నీలిలోతు గారు చూపించిన సాక్ష్యం అబద్ధం కాదు, కానీ ఈ ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. నా మొదటి పోస్టులో చివరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

పెన్నతీరం:
నేను కొంచెం ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫీల్డులో తిరిగినవాణ్ణి, ఈ తగాదా మా కాలేజీ రోజుల్నుంచీ ఉంది. అప్పట్లో ఇంకా మౌలికంగా ఉండేది. ఖనిజం రాయితోపాటే సముద్రం అడుగున పరుచుకుందా, రాయి ఏర్పడ్డాక తర్వాతెప్పుడో చొరబడిందా అని కొట్టుకునేవారు.

తూనికరాయి గారి ఒక పాలు మాట చాలా విలువైనది. కానీ మాగ్మా ద్రవం వచ్చి కలిస్తే రాగి ఒక్కటే రాదు నాయనా, దానితోపాటు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అది నీటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లంగానూ హైడ్రోజన్ సల్ఫైడ్‌గానూ విడిపోతుంది. అంత ఘాటైన ఆమ్లం తగిలిన రాయి మామూలుగా ఉండదు, ఆలునైట్, కయొలినైట్ లాంటి ఖనిజాలు పుడతాయి. న్యూజిలాండ్ పైన కెర్మాడెక్ ద్వీపచాపంలో బ్రదర్స్ అనే సముద్రగర్భ అగ్నిపర్వతం ఉంది, 2018లో ఓషన్ డ్రిల్లింగ్ ఓడ వెళ్ళి అక్కడ బోర్లు వేసింది. మాగ్మా ద్రవం జాడ అక్కడి రాళ్ళలో స్పష్టంగా ఉంది. హొకురోకులో చూడండి. ఖనిజం అడుగున సెరిసైట్ (సన్నటి అభ్రకం), క్లోరైట్, బయటికి పోతే బంకమట్టి ఖనిజాలు, ఇంకా బయట జియొలైట్లు. ఆలునైట్ మేట ఎక్కడ?

సల్ఫర్ ఐసోటోపులు కూడా అంతే. బరువైన సల్ఫర్ ఎంత ఎక్కువో వెయ్యికి ఇంత అని చెప్పే కొలతలో సముద్రపు సల్ఫేట్ ఇప్పుడు ప్లస్ 21 దగ్గర ఉంటుంది. కురోకో ముగ్గురాయిలో 20 పైనే, అంటే అది నేరుగా సముద్రంలోంచి వచ్చిన సల్ఫేట్. సల్ఫైడ్లలో ప్లస్ 5 నుంచి 8. రాతిలోని సున్నా దగ్గరి సల్ఫర్, సముద్రపు సల్ఫేట్ విరిగి వచ్చిన సల్ఫర్, రెండూ కలిస్తే ఇలాగే ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ విడిపోయి పుట్టిన సల్ఫైడ్ అయితే సున్నాకు కిందికి, మైనస్‌లోకి జారాలి.

కొండపిండి గారూ, అమ్మా, మీ దగ్గర ఆ రాయి పాలిష్డ్ సెక్షన్ (మైక్రోస్కోప్ కింద చూడటానికి నునుపు చేసిన ముక్క) ఉందా? ఉంటే పసుపు ఖనిజానికీ నల్ల ఖనిజానికీ మధ్య హద్దు ఎలా ఉందో చూసి రాయండి. ఎవరు ఎవర్ని తిన్నారో అక్కడ తెలుస్తుంది.

ఎర్రమట్టి:
మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మాది రైల్వేకోడూరు దగ్గర. చిన్నప్పట్నుంచీ మంగంపేట లారీలు చూస్తూ పెరిగాం. ముగ్గురాయి పొర కింద రాగి, జింకు ఉంటాయని కొండపిండి గారు రాశారు. మా మంగంపేటలో అంత ముగ్గురాయి ఉంది కదా, మరి దాని కింద ఏముంది? అదీ అగ్నిపర్వతం బూడిదలోనే ఉందంటారు. ఇంకొకటి, లోహం నీటిదైనా మాగ్మాదైనా తవ్వేవాడికి ఏం తేడా?

పెన్నతీరం:
ఎర్రమట్టి గారూ, మంగంపేట నాకు బాగా తెలిసిన చోటు. ప్రపంచంలోని పెద్ద బెరైట్ నిక్షేపాల్లో అదొకటి, వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. అడుగు పొరలో సన్నగా చక్కెర పలుకుల్లా ఉండే బూడిదరంగు ముగ్గురాయి, దాని పైన పొరలో గుండ్రటి ఉండలు, కొన్నిటిని పగలగొడితే లోపల పువ్వు రేకుల్లా స్ఫటికాలు విచ్చుకుని ఉంటాయి. మొదటిసారి గని అంచున కూర్చుని ఒక ఉండ పగలగొట్టి ఆ రేకుల్ని చూసినప్పుడు నేను చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు. చుట్టూ నల్లటి బూడిదరాయి, అందులో పైరైట్ (ఇనుప సల్ఫైడ్) పలుకులు.

కానీ ముగ్గురాయి ఉంది కాబట్టి కింద రాగి ఉండాలి అనే లెక్క కుదరదు. బేరియం, సల్ఫేట్ కలిస్తే చాలు ముగ్గురాయి పడుతుంది, దానికి 300 డిగ్రీల వేడి అక్కర్లేదు. రాగి పైకి రావాలంటే అంత వేడి కావాలి. జింకుకు అంతకంటే తక్కువ చాలు. కురోకోలో ముగ్గురాయి పైన ఉండటానికి కారణం కూడా ఇదే, అది గుట్ట చల్లటి అంచు. మంగంపేటకు అడుగున వేడి గొట్టం లాంటిది, రాతి పగుళ్ళలో అల్లుకున్న సిలికా ఖనిజం లాంటిది ఎవరూ చూపించలేదు. అది ఎలా పుట్టిందన్న దానిమీదే వేరే పెద్ద చర్చ ఉంది, దాన్ని కురోకో పక్కన కూర్చోబెట్టడం తొందరపాటు. మనకు దగ్గర్లో ఈ జాతికి చెందినది చూడాలంటే కర్ణాటకలో చిత్రదుర్గం పక్కన ఇంగళదాళు చూడండి, పాత బసాల్ట్‌లో రాగి సల్ఫైడ్లు. ఒకప్పుడు గని కూడా నడిచింది.

రెండో ప్రశ్నకు కోర్‌బాక్స్ గారే సరైన మనిషి.

కోర్‌బాక్స్:
తేడా ఉందండీ, చాలా ఉంది. నీరు కడిగి తెచ్చిందంటే నేను వెతకాల్సింది మందపాటి రాళ్ళ దొంతర, అందులో నీరు తిరగడానికి పగుళ్ళు, కింద పెద్ద వేడి. ఏ మాగ్మా అయినా ఫర్వాలేదు. మాగ్మాయే లోహం ఇచ్చిందంటే, ఏ మాగ్మా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది. అప్పుడు ఒక్కో రైయొలైట్ కెమిస్ట్రీ విడివిడిగా చూడాలి. హొకురోకులోనే తెల్ల రైయొలైట్ గుమ్మటాలు ఎన్నో ఉన్నాయి, అన్నిటి పక్కనా ఖనిజం లేదు. ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు నీటి వాదం దగ్గర నాకు సంతృప్తినిచ్చే జవాబు దొరకలేదు.

రోజువారీ పనిలో మాత్రం రెండు వర్గాలవాళ్ళమూ ఒకటే చూస్తాం. సోడియం ఎక్కడ తగ్గింది, పొటాషియం, మెగ్నీషియం ఎక్కడ పెరిగాయి. వేడినీరు పోయిన దారిలో ఫెల్డ్‌స్పార్ చితికిపోతుంది కాబట్టి సోడియం, కాల్షియం కొట్టుకుపోతాయి. 1976లో ఇషికావా బృందం కురోకో రాళ్ళ మీదే ఒక సూచిక తయారుచేసింది, ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతున్నాం. అది వంద వైపు పోతోందంటే గొట్టానికి దగ్గరవుతున్నట్టు.

నేను మొదటిసారి మాసివ్ సల్ఫైడ్ (దాదాపు అంతా సల్ఫైడే ఉన్న రాయి) చూసిన రోజు చెబుతాను. జనవరి, బయట మైనస్ 30. రైయొలైట్ కోర్ పెట్టెలు ఒక్కణ్ణే ఎత్తి బల్ల మీద పెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు. నాలుగోది ఎత్తబోతే లేవలేదు. నేలకు మంచుతో అతుక్కుందేమో అనుకుని తన్నాను కూడా. తర్వాత ఇంకో మనిషిని పిలిచి ఇద్దరం ఎత్తి, మీద బురద కడిగితే ఇత్తడి రంగు, ఆ పెట్టె చివరిదాకా. సుత్తితో కొడితే టపాసు వాసన. జాగ్రత్తగా చూస్తే పైన బూడిదరాయితో హద్దు కత్తితో కోసినట్టుంది, కిందమాత్రం హద్దే లేదు, సల్ఫైడ్ సన్న తీగలై రైయొలైట్‌లోకి అలా అలా పోయి కలిసిపోయింది. ఆ కింది భాగం చూశాక ఇదంతా సముద్రం అడుగున పైకి చిమ్మి పేరుకున్నది మాత్రమే అని ఎవరన్నా నేను ఒప్పుకోను. చాలా భాగం అడుగున, రాతి లోపలే, రాతి స్థానాన్ని ఆక్రమించి పెరిగింది. కిడ్ క్రీక్‌లో కూడా ఇలాంటి ఆక్రమణ చాలా ఉందని అక్కడ పనిచేసినవాళ్ళు రాశారు.

నీలిలోతు:
ఆక్రమణ విషయంలో నేను మీతోనే ఉన్నాను. పైకి చిమ్మే గొట్టాల దగ్గర లోహంలో ఎక్కువ భాగం పొగగా సముద్రంలోకి పోతుంది, గుట్టగా మిగిలేది కొంచెమే. అంత పెద్ద నిక్షేపం పేరుకోవాలంటే పైన మూత ఉండాలి. ముగ్గురాయి, సిలికా, అన్‌హైడ్రైట్ ఆ మూతలా పనిచేస్తాయి. 1994లో అట్లాంటిక్ మధ్య రిడ్జ్ మీద టాగ్ అనే గుట్టకు బోర్లు వేసినప్పుడు లోపల కనిపించింది పగిలి, అతుక్కుని, మళ్ళీ పగిలిన పైరైట్ ముక్కలు, వాటి మధ్య బోలెడు అన్‌హైడ్రైట్. గుట్ట లోపల జరిగే పని బయటి గొట్టాల పనికంటే ఎక్కువని అప్పుడే తెలిసింది.

అయితే కురోకోలో కొన్ని చోట్ల ఖనిజపు ముక్కలు అడుగున పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవిగా వరసలు తీరి ఉన్నాయి. నీళ్ళలో దొర్లి కూర్చున్న ముక్కలు అవి. కాబట్టి సముద్రం నేల మీద ఖనిజం ఉన్నదీ నిజమే.

తగరం గురించి ఇంకా జవాబు చెప్పలేదని తెలుసు, వస్తాను.

కొండపిండి:
పెన్నతీరం సార్, మీరు అడిగినట్టే నిన్న సెక్షన్ మళ్ళీ మైక్రోస్కోప్ కింద పెట్టాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నల్ల భాగంలో స్ఫాలరైట్ (జింకు ఖనిజం) బూడిదరంగులో, గెలీనా తెల్లగా, త్రికోణపు గుంటలతో. కిందికి జరిపేకొద్దీ స్ఫాలరైట్ గింజల అంచుల్లో పసుపు మొదలైంది. ముందు దుమ్ము చల్లినట్టు చుక్కలు, తర్వాత చుక్కలు కలిసి మరకలు, ఇంకా కిందికి పోతే గింజ మధ్యలో మాత్రం స్ఫాలరైట్ మిగిలి చుట్టూ అంతా చాల్కోపైరైట్. చివరికి ఆ మధ్యదీ లేదు. చెదపురుగు తిన్న తలుపు గుర్తొచ్చింది. ఈ చుక్కల్ని చాల్కోపైరైట్ జబ్బు అంటారని అకితాలో చెప్పారు, నాకప్పుడు అర్థం కాలేదు.

అంటే మొదట నల్ల ఖనిజం పడింది. తర్వాత అంతకంటే వేడి నీరు కిందినుంచి వచ్చి, రాగిని వదిలి, జింకునూ సీసాన్నీ కరిగించి పైకి తోసింది. పసుపు ఖనిజం కింద, నల్లది పైన ఉండటానికి కారణం ఇది. అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. మనం ఖనిజం అంతటికీ కలిపి ఒకే మూలం వెతుకుతున్నాం. కానీ జింకు వచ్చిన సమయం వేరు, రాగి వచ్చిన సమయం వేరు. జింకు, సీసం రాళ్ళలోంచి కడిగినవే కావచ్చు, సీసం ఐసోటోపుల్లో మయోసీన్ (ఆ కోటిన్నర ఏళ్ళ కిందటి) అగ్నిపర్వత రాళ్ళ వాటా, వాటికింది పాత పునాది రాళ్ళ వాటా రెండూ కనిపించాయని చదివాను. తర్వాత వచ్చిన వేడి విడతలో, రాగితోపాటు, మాగ్మా ద్రవం ఒక పాలు కలిసిందేమో? ప్రశ్ననే లోహం వారీగా విడగొట్టాలేమో?

తూనికరాయి:
కొండపిండి గారూ, ఇది చదివాక నా లెక్కలో ఇంకో తప్పు కనిపించింది. నేను వచ్చిన రాగిలో సగం పోతుందన్నాను. కానీ గుట్ట లోపలే జింకు కరిగి, పైకి జరిగి మళ్ళీ పడుతుంటే, ఒకే లోహం నాలుగుసార్లు చేతులు మారినట్టు. పోయే భాగం సగం కంటే తక్కువ కావచ్చు, అప్పుడు 35 సాగర్లు అక్కర్లేదు. మూత ఎంత బిగువుగా ఉంటే నీళ్ళు అంత తక్కువ చాలతాయి.

నీలిలోతు:
విడగొట్టడం వరకు సరే, కానీ రాగి తర్వాత వచ్చింది కాబట్టి మాగ్మాది అనడం కుదరదు. రాగి 300 డిగ్రీలకు పైన గానీ సరిగా కరగదు. మొదట్లో నీరు 200, 250 డిగ్రీల్లో ఉన్నప్పుడు జింకు, సీసం మాత్రమే మోసింది. దారులు వేడెక్కాక, చుట్టూ రాయి కూడా వేడెక్కాక, అదే నీరు 330, 350తో పైకొచ్చింది, అప్పుడు రాగి మోసింది. ఇదంతా వేడి తేడా. మూలం మారిందని చెప్పడానికి ఇది చాలదు.

ఇక తగరం. నెవెస్ కోర్వో అడుగున మందపాటి పాత అవక్షేప రాళ్ళున్నాయి, ఫిలైట్లు, క్వార్ట్‌జైట్లు. అలాంటి రాళ్ళలో తగరం బసాల్ట్‌లో కంటే ఎక్కువ. వేడినీరు వాటిగుండా వచ్చిందంటే మాగ్మాను పిలవకుండానే తగరం దొరుకుతుంది.

పెన్నతీరం:
నీలిలోతు గారి మొదటి పేరా సరైనదే, రాగి ఆలస్యంగా రావడం ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. రెండో పేరా నాకంత గట్టిగా అనిపించలేదు. అవక్షేపంలో తగరం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ నీరు దాన్ని కరిగించగలగాలి. తగరం అంత సులువుగా కరిగే లోహం కాదు, బాగా క్షయకరణ (ఆక్సిజన్ లేని) స్థితిలో, బాగా ఆమ్లంగా, వేడిగా ఉండాలి. కార్బన్ ఉన్న నల్ల షేల్స్ గుండా వస్తే ఆ స్థితి రావచ్చు. కావచ్చు అన్నంతవరకే నేను వస్తాను.

నేను ఆలునైట్ లేదన్న మాటకు కూడా ఒక సవరణ. మాగ్మా ద్రవం చాలా లోతులో, నెమ్మదిగా, వెల్లువలా వచ్చే సముద్రపు నీటిలో కలిస్తే, దారిలో ఫెల్డ్‌స్పార్లు ఆ ఆమ్లాన్ని మింగేస్తాయి. పైకొచ్చేసరికి సెరిసైటే కనిపిస్తుంది. అందుచేత ఆలునైట్ లేకపోవడం మాగ్మా ద్రవం ఎక్కువ లేదని చెబుతుంది, అసలు లేదని చెప్పదు. ఒక పాలు దాని కింద దాక్కోగలదు.

కోర్‌బాక్స్:
సరే, నేనూ ఒకటి వెనక్కి తీసుకుంటాను. సరుకంతా మాగ్మాదే అన్నట్టుగా మొదట రాశాను, అది ఎక్కువైంది. కొండపిండి గారి సెక్షన్, పెన్నతీరం సార్ చెప్పిన సల్ఫర్ అంకెలు చూశాక హొకురోకు వరకు జింకు, సీసం రాళ్ళలోంచే వచ్చాయని ఒప్పుకుంటున్నాను.

కానీ కిడ్ క్రీక్ తగరం మాత్రం వదలను. అక్కడ ఖనిజం అడుగున ఉన్నవి రైయొలైట్, దాని కింద కొమాటియైట్ (చాలా వేడి లావా గడ్డకట్టిన పాత రాయి). నెవెస్ కోర్వోలో లాంటి మందపాటి పాత ఫిలైట్ల దొంతర నాకు తెలిసినంతలో అక్కడ లేదు. కొమాటియైట్‌లో తగరం దాదాపు ఉండదు. మరి ఆ తగరం ఏ రాతిలోంచి కడిగారు? రైయొలైట్‌లోంచి అంటే, టన్నుకు ఎన్ని గ్రాములు తీసుకోవాలో, ఎంత రాయి కావాలో తూనికరాయి లెక్క వేసి పెట్టాలి. ఈ వారాంతం నేను షిఫ్టులో ఉంటాను, సోమవారం వచ్చి చూస్తాను.

కొండపిండి:
సార్, ఫోటోలు పెట్టడానికి కెమెరా అడాప్టర్ కోసం అడిగాను, రాగానే హద్దు దగ్గరివి నాలుగు పెడతాను. కోర్‌బాక్స్ గారూ, మీ నాలుగో పెట్టెలో కింద రైయొలైట్‌లోకి పోయిన ఆ సన్న తీగల్లో స్ఫాలరైట్ ఏమైనా ఉందా, మొత్తం పైరైట్, చాల్కోపైరైటేనా? గుర్తుంటే చెప్పండి.

కోర్‌బాక్స్:
తీగల్లో స్ఫాలరైట్ లేదు. పైన ఒక మీటరు దాటాకే మొదలైంది.